ఊదా కన్ను, గొడుగు గుడ్డ

ఆ రోజుల్లో భయపడడానికి మాకు పెద్ద కారణాలు అక్కరలేదు. కుందేరు పొంగితే భయం, నాయన గొంతు సవరించుకుంటే భయం, బల్లి పలికితే భయం. వీటన్నిటి మీద కొత్తగా కరెంటు భయమొకటి వచ్చి చేరింది. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. మూడో తరగతితో బడి మానేసిన ఆళ్ళగడ్డ పిల్లను, రేడియోలు బాగుచేసే ఆయనకు పెళ్ళామై నంద్యాలకు వచ్చాను. ముందు గదిలో ఆయన పని, వెనక గదిలో నా వంట. మధ్యలో తలుపు లేదు కాబట్టి కాలిన టంకం వాసన నా చారులోకి, నా తిరగమోత ఘాటు ఆయన రేడియోల్లోకి పోతుండేవి.

ఆళ్ళగడ్డలో నాయనకు పెద్ద బెల్లం అంగడి. అల్లుడు తీగలు కాల్చుకుంటూ కూర్చోవడం ఆయనకు ఏమాత్రం నచ్చేది కాదు. మా చెల్లెలి పెళ్ళి కుదిరినప్పుడు నంద్యాలకు వచ్చి తేల్చి చెప్పేశాడు. "మావోని గిటారుకు ఏందో పెట్టె చేస్తాండావంట కదా అల్లుడా! పెండ్లిలో పదిమంది ముందర అది సక్కంగా పలికిందా, మీరు ఈడనే ఉండండి. పలకలేదా, మూటాముల్లె కట్టుకోని వచ్చి నా అంగట్లో కూచో." మా ఆయన సరేనన్నాడు. బెల్లం దిమ్మెల మధ్య ఆయన్ను ఊహించుకోవడం నా వల్ల కాలేదు.

మావోడంటే మా తమ్ముడు. గిటారును ఒళ్ళో పడుకోబెట్టుకొని, తీగల మీద ఇనప కడ్డీ జరుపుతూ వాయించేవాడు (మా అమ్మ అది చూసి, బిడ్డకు నలుగు పెడుతున్నట్టుంది అనేది). దాని సన్నటి గొంతు పందిరంతా వినపడాలని మా ఆయన చెక్కపెట్టెలో గాజు వాల్వులు పెట్టి ఆంప్లిఫయర్ కట్టాడు. ఆళ్ళగడ్డలో కరెంటు కొత్త. ఒక గడియ దీపం మిణుకుమిణుకుమనేది, మరుగడియ భగ్గుమనేది. ఆ ఎగుడుదిగుళ్ళు తట్టుకోవడానికి పెట్టెలో ఒక మూల, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ చాటున, వోల్టేజీ రెగ్యులేటర్ వాల్వు ఒకటి పెట్టాడు. పాలు పొంగకుండా గరిటె తిప్పుతామే, అలాంటి పని దానిది. పేరు నాకు నోరు తిరిగేది కాదు. వెలిగితే లోపల ఊదా రంగు మెరుపు నిలబడేది కాబట్టి ఊదా కన్ను అని పేరు పెట్టుకున్నాను.

మా ఆయన ఎప్పుడూ ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకొని, కుడి చేత్తోనే ఆ పెట్టెలో పని చేసేవాడు. మగవాళ్ళ దర్జా అనుకున్నాను. అడిగితే, "లోపల మున్నూరు వోల్టులుండాయి. రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీద నుంచి పోతాది" అన్నాడు, ఉప్పు తక్కువైందని చెప్పినంత తేలిగ్గా. స్విచ్చి కట్టేసినా కొంత కరెంటు లోపల దాక్కొనే ఉంటుందట. అది కూడా చెప్పాడు. ఆనాటి నుంచి ఆయన అన్నం తినేటప్పుడు కూడా ఎడమ చెయ్యి ఎక్కడుందా అని చూసేదాన్ని.

పెట్టె బాగా పలుకుతున్న రోజుల్లోనే, ఒక మధ్యాహ్నం, దాని మీద బల్లి పాకుతూ కనబడింది. వెనకవైపు వరసగా రంధ్రాలు. బల్లి లోపలికి దూరి చస్తే? దాన్ని తీయబోయి ఆయన రెండు చేతులూ పెడితే? మూత తెరిచే ఉంది, ఆయన బజారుకు పోయాడు. పాత గొడుగు గుడ్డ చించి, ఆయనలాగే ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకొని, లోపలి నుంచి ప్రతి రంధ్రంలోనూ కుక్కేశాను. ఆ నల్ల గుడ్డ లోపలి చీకట్లో కలిసిపోయింది. మంచి పని చేశానని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మరునాడు మూత మూసి స్విచ్చి వేశాడు. పెట్టె ఎనుబోతు మాదిరి రంకె వేసింది. మూత తెరిచాడు. టక్కున నోరు మూసుకుంది, ఊదా కన్ను చల్లగా వెలుగుతోంది. కట్టేసి, మూసి, మళ్ళీ వేశాడు. మళ్ళీ రంకె. టంకం తిరిగి వేశాడు, కండెన్సరు మార్చాడు, వాల్వు కాళ్ళు గీకాడు. మూడు రోజులు ఇదే వరస. తెరిస్తే బుద్ధిమంతురాలు, మూస్తే దయ్యం. "నేను చూస్తాంటే బాగుంటాది, చూడకుంటే అరుస్తాది. దీనికేం రోగం మే?" అన్నాడు. నేను కుక్కిన గుడ్డకూ దీనికీ సంబంధముందని నాకేం తెలుసు? గుట్టుగా దేవుడికి టెంకాయ మొక్కుకున్నాను. పెళ్ళినాటి ఉదయం మూత తెరిచి స్విచ్చి వేసి, కట్టేయకుండా అట్లే మూసేస్తే, అది కాసేపు మంచిగా ఉండి ఆశ పెట్టింది. మరలన్నీ బిగించి బస్సెక్కించాం.

పందిట్లో జనం నిండిపోయారు. తమ్ముడు గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు. స్విచ్చి వేశారు. రంకె! పిల్లలు చెవులు మూసుకున్నారు, పెద్దలు నవ్వారు. నాయన మెల్లగా లేచాడు. "కట్టేయ్ అల్లుడా, సాలు. రేపట్నుంచి అంగడికి రా." మా ఆయన మొహంలో నెత్తురు లేదు. స్విచ్చి కట్టేయకుండానే మర విప్పబోయాడు, రెండు చేతులతో!

"ఒక చెయ్యే! ఎడమచెయ్యి ఎనక్కి పెట్టు!" అని అరిచాను. మొగుడి మీద, నిండు పందిట్లో! మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన బిత్తరపోయి ఆగాడు. నేను పెట్టె వెనక నిలబడి ఉన్నాను. రంధ్రాల్లోంచి గొడుగు గుడ్డ కొనలు నావైపే చూస్తున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. ఇవి కుక్కకముందు ఈ పెట్టె ఒక్కసారైనా అరిచిందా? ఒక్కొక్కటే లాగేశాను. పందిరి సందుల్లోంచి ఎండ లోపలికి పడింది. ఊదా కన్ను తెరుచుకుంది. రంకె ఆగింది. తమ్ముడు కడ్డీ జరిపాడు, పందిరంతా తీయగా మోగింది.

మా ఆయన చేతిలో మరలు విప్పే కడ్డీ అట్లే ఉంది. ఒక్క మర కూడా ఊడలేదు. నాయన నోరు తెరిచాడు. "ముట్టుకుంటానే నయమాయనే! పో అల్లుడా, నంద్యాలలోనే ఉండు. నీ చేతిలో ఏదో ఉండాది." నేను గుడ్డలన్నీ కొంగున ముడేసుకున్నాను.

ఏళ్ళు గడిచాక ఎవరో పెద్ద మెకానిక్కు చెప్పాడట, ఊదా కన్ను లాంటి వాల్వులు కొన్ని కటిక చీకట్లో మేలుకోవని, కాస్త వెలుతురు తగలాలని, అవి మేలుకోకపోతే పెట్టె రంకె వేస్తుందని. ఆయన ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతుంటే నేను భోరున ఏడ్చి అంతా ఒప్పుకున్నాను. ఆయన నవ్వాడు. "తిరుగు బస్సులోనే నీ కొంగులోంచి గొడుగు గుడ్డ కనపడ్తాండె."

"మరి అడగలేదేం?"

"మీ నాయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. దాన్ని పోగొట్టుకుంటానా?"

ఆ పెట్టె ఇప్పుడు అటక మీద ఉంది. మొన్న దుమ్ము దులుపుదామని ఎక్కితే, ఆ రంధ్రాల్లోంచి బల్లి ఒకటి తల బయటపెట్టి నన్ను చూసింది. లోపల తెల్లగా రెండు గుడ్లు. పద్దెనిమిదేళ్ళప్పుడైతే ఊరంతా వినబడేలా అరిచేదాన్ని. ఇప్పుడు కాసేపు చూసి, దుమ్ము దులపకుండానే కిందికి దిగి వచ్చాను. దిగాక కూడా అలవాటు పోలేదు. వాకిట్లో పేపరు చదువుకుంటున్న ఆయన ఎడమ చెయ్యి ఎక్కడుందా అని చూశాను.