పగలు పొయ్యి వెలగని ఊరు

మా చిన్నప్పుడు... ఎండాకాలం గాలులు మొదలైతే మా ఊళ్ళో పగలు ఎవరింట్లోనూ పొయ్యి వెలిగేది కాదు. తెల్లవారకముందే వంట ముగించి, పొయ్యిలో నీళ్ళు చల్లేసేవారు. మళ్ళీ పొద్దు వాలాకే అగ్గి. మధ్యలో ఏ ఇంటి కప్పులోంచి పొగ కనబడినా ఊరంతా పరుగెత్తుకొచ్చేది.

మా ఊరంటే ఆంధ్రాలో ఊరు కాదండోయ్... బర్మాలో, ఉత్తరాన కచిన్ కొండల్లో. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్ళిన కుటుంబం మాది. ఆ కొండమీది చర్చి బడిలో నాన్నకు టీచరు పని దొరికింది. ఊరు మొత్తానికి మాదొక్కటే తెలుగు కొంప.

ఇళ్ళన్నీ గుంజల మీద నిలబెట్టినవే. నేల వెదురు, గోడ వెదురు, పైన గడ్డి కప్పు. కింద లోయలో ఏరు. చుట్టూ చిక్కటి అడవి. పొద్దున్నే గిబ్బన్ కోతులు ఈ కొండ నుంచి ఆ కొండకు కూతలేసుకునేవి. అందంగా ఉండేది, కాదనను... కానీ నాకు ముందు గుర్తొచ్చేది భయమే. ఒక్క నిప్పురవ్వ చాలు, ఊరు ఊరంతా బుగ్గి.

అందుకే ప్రతి ఇంటి మెట్ల దగ్గరా నీళ్ళు నింపిన వెదురు గొట్టాలు ఉండేవి. వేడినీళ్ళు కావాలంటే తెల్లవారుజామునే కాచి చైనా ఫ్లాస్కులో పోసుకోవాలి. కట్టుబాటు తప్పిన ఇంటివాళ్ళు మూటాముల్లె సర్దుకుని ఊరు దాటాల్సిందే.

అమ్మకు ఈ కట్టుబాటు సుతరామూ గిట్టేది కాదు. మనలో పొయ్యి వెలగని ఇల్లంటే ఏమిటో మీకు తెలుసుగా... చావు జరిగిన ఇల్లు. మాది రోజూ ప్రార్థన చేసుకునే ఇల్లే అయినా ఆ పట్టింపు మాత్రం అమ్మను వదల్లేదు. నీళ్ళు చల్లినట్టే చల్లి, బూడిద కింద ఓ మూల నాలుగు నిప్పుకణికలు దాచేది. నాన్నకు తెలియదు. నాకు తెలుసు.

ఆ ఏడు తమ్ముడికి చలిజ్వరం పట్టుకుంది. ఇంకా పాలు తాగే పిల్లాడు. నాన్న మందుల కోసం కొండ దిగి పట్నం వెళ్ళాడు. అదే రోజు, గాలి పడిపోయింది కదా అని, ఊళ్ళో మగవాళ్ళంతా ఎదుటి కొండమీద పోడు తగలబెట్టడానికి వెళ్ళారు.

పచ్చి వెదుర్లు కాలుతూ తుపాకుల్లా పేలుతున్నాయి. కోతుల కూత ఆగిపోయింది. కాలిన ఆకుల నలుసులు ఎగిరొచ్చి మా వాకిట్లో పడుతున్నాయి. ఇంట్లో ఫ్లాస్కు ఖాళీ. తమ్ముడు వణికి వణికి... ఏడుపు కూడా మానేశాడు.

"గుమ్మంలో కూకో అమ్మీ. ఎవులైనా వస్తే కేకెయ్" అంది అమ్మ. బూడిద తోసి, కణికల మీద ఎండుపుల్లలు పెట్టి ఊదడం మొదలుపెట్టింది. మిరియాల కషాయం కాచి పొయ్యాలని.

గుమ్మంలో కూర్చున్నానే గానీ నా ప్రాణాలు నాలో లేవు. ఓ పక్క తమ్ముడు చచ్చిపోతాడేమోనని, ఓ పక్క ఊరు కాలిపోతుందేమోనని. ఏ భయానికి ముందు ఏడవాలో కూడా తెలియని వయసు.

ఉన్నట్టుండి గాలి లేచింది. వెదురు నేల సందుల్లోంచి పైకి కొట్టింది. పొయ్యిలోని రవ్వలు లేచి కప్పు గడ్డికి అంటుకున్నాయి. అమ్మ తమ్ముణ్ణి హత్తుకుని కొయ్యబారిపోయింది. నేను మాత్రం గొంతు చించుకుని అరిచాను... "రోయ్ అత్తా!"

పక్కింటావిడ. అక్కడ ఎవరింట్లోనైనా మూడో ఆడపిల్లను రోయ్ అనే పిలుస్తారు. మెట్ల దగ్గరి వెదురు గొట్టం అందుకుని ఒక్క ఉదుటున లోపలికొచ్చి కప్పు మీద నీళ్ళు విసిరింది. రెండో గొట్టం తెచ్చి పొయ్యిలో కుమ్మరించింది. మంట ఆరింది. గడ్డిలో నల్లటి మరక మిగిలింది.

"నీ ఒక్క పిల్లాడి కోసం మా పిల్లలందర్నీ కాలుస్తావా?" అంది బర్మా భాషలో, రొప్పుతూ.

"పొయ్యి సల్లారిపోతే నా బిడ్డ దక్కడే..." అని అమ్మ తెలుగులోనే బావురుమంది. రోయ్ అత్తకు తెలుగు ముక్క రాదు. కాసేపు తమ్ముడి వంక చూసి, గిరుక్కున వెళ్ళిపోయింది.

పెద్దల్ని పిలవడానికే వెళ్ళిందనుకున్నాను. ఏడుస్తూనే నా గౌను, పలకా సంచిలో కుక్కుకున్నాను.

కానీ ఆవిడ చంకలో తన ఫ్లాస్కు పెట్టుకుని తిరిగొచ్చింది. ఎండకు కాలిన ఏటి రాళ్ళు గుడ్డలో చుట్టి తమ్ముడి పాదాల దగ్గర పెట్టింది. వేడినీళ్ళు చెంచాతో పట్టించింది. వాణ్ణి దుప్పటితో తన గుండెకు కట్టుకుని అలాగే కూర్చుంది. పొద్దు వాలాక వాడికి చెమట పట్టింది, ఏడ్చాడు. ఆ ఏడుపు వినగానే అమ్మ ఆవిడ కాళ్ళ మీద పడిపోయింది. తర్వాత రోయ్ అత్తే తన పొయ్యిలోంచి నిప్పు తెచ్చి మా పొయ్యి వెలిగించింది. ఆ నల్ల మరక గురించి పెద్దలకు ఏం చెప్పిందో ఏమో... మమ్మల్ని ఊరు వదలమని ఎవరూ అనలేదు.

కొన్నేళ్ళకు మేమే వదిలొచ్చాం. ఇప్పుడు ఇద్దరం కన్నడ దేశంలోనే ఉన్నాం... తమ్ముడికి హూడిలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం, ఓ బానపొట్ట. నేను కె.ఆర్.పురంలో నర్సుని. అమ్మ లేదు.

మొన్న ఆదివారం ఎన్నాళ్ళకో రోయ్ అత్తతో ఫోను కలిసింది. గొంతు ముసలిదైపోయింది. "అత్తా, ఇప్పటికీ పగలు పొయ్యి వెలిగించరా?" అని నవ్వుతూ అడిగాను.

"వెలిగించం" అంది. "గాలికి కాదమ్మా... పొగ పైకి కనబడుతుంది. పొగ కనబడితే సైన్యం విమానాలొచ్చి బాంబులేస్తున్నాయి. ఇప్పుడు వానాకాలంలోనూ వెలిగించం."

లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

ఆ రోజు నాకు స్టవ్ ముట్టించబుద్ధి కాలేదు. సాయంత్రం కిందింటి ఓనరమ్మ తలుపు కొట్టింది. "ఏమమ్మా, పొద్దున్నుంచీ మీ ఇంట్లో కుక్కర్ కూతే లేదే... ఒళ్ళు బాగుండాదా?"

"బాగానే ఉన్నాం ఆంటీ" అన్నాను.

అప్పట్లో పొద్దు వాలితే చాలు, ఇంటింటి కప్పులోంచీ పొగ లేచేది... హమ్మయ్య, ఈ రోజు గడిచింది అనుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ ఊరికి పొద్దు ఎప్పుడు వాలుతుందో తెలియదు. మీ చిన్నప్పుడు మీ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగించేవారో రాయండి... ఫోను చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను, చదువుతాను.