సోమవారం చేతిగుడ్డ

మొన్న నాయుడుపేటలో పెళ్లిభోజనం అయ్యాక చేతిలో టిష్యూ కాగితం పెట్టారు. మూతి తుడిస్తే సగం పెదవులకే అంటుకుంది. వెంటనే సుశీల గుర్తొచ్చింది.

మా ఈడువాళ్లకు తెలుసు కదా, సోమవారం వస్తే బడిలో గోళ్లూ చేతిగుడ్డా చూసేవారు. మా వాకాడు వైపు బడిలో ఆ పెత్తనం క్లాసు లీడరు సుశీలది. చేపలు పట్టే ఇల్లు మాది. నాన్న పాత పంచె చించి, అంచు కుట్టి, అమ్మ నాకు చేతిగుడ్డ చేసింది. సోడాలో ఉడికించి ఉతికినా, ఆరేసేది ఎండుచేపల పక్కనే. వేరే చోటేదీ?

సుశీల దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, "ఏందిమే ఈ కంపు, మీ నాయన వల చించి తెచ్చినావా?" అంది. క్లాసంతా నవ్వింది. అయ్యవారు నన్ను ఎండలో నిలబెట్టారు.

మరుసటి సోమవారం ఆమె అందరి గోళ్లు చూస్తుండగా, ఆమె సంచిలోని గులాబీ కుట్టిన రుమాలుకు ఎండురొయ్యల పొడి బాగా రుద్ది, మళ్లీ మడిచి పెట్టాను. చివర్లో అయ్యవారు లీడరు రుమాలు విప్పారు. ముక్కు మూసుకుని దాన్ని కిటికీలోంచి విసిరేసి, "నువ్వు గూడా ఎండలోకి పోమ్మా" అన్నారు.

నీళ్లకని నేనూ బయటికి వెళ్లాను. సుశీల వెక్కివెక్కి ఏడుస్తోంది. ముక్కు కారుతోంది, తుడుచుకోవడానికి గుడ్డ లేదు. పాపం అనుకునేరు, నేను అనుకోలేదు. నా గుడ్డ అందించాను.

"వాసన చూడకుండా తుడుచుకోమే."

తుడుచుకుంది.