బాద్షా తాడు నా చేతికిచ్చిన వదినె

గుర్రాలకు నానబెట్టిన శనగల మీద మూత తీయగానే వచ్చిన పచ్చి వాసన ఈ ఉదయం మళ్ళీ సలోమి వదినెను గుర్తుకు తెచ్చింది. ఆమె మా ఆయనకు అక్క. భర్త పోయాక చంద్రపూర్‌లో పెండ్లి ఊరేగింపులకు గుర్రాలను పంపే తబేలాను ఒంటిచేత్తో నడిపింది. కోఠారి ఊరి నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చేదాకా నేను గుర్రాన్ని ముట్టుకొని ఎరుగను. ఈరోజు ఆ తబేలా నేనే నడుపుతున్నాను.

నేను వచ్చిన కొత్తలోనే బాద్షాను కొన్నారు. తెల్లటి మగ గుర్రం. ఖస్సీ చేయించినదే, అంటే విత్తులు తీయించినదే. అలాంటివి నెమ్మదిగా ఉంటాయని అందరూ నమ్ముతారు. ఇది మాత్రం మా ఆడగుర్రాలను చూడగానే మెడ వంచి, తోక ఎత్తి, కీచుమని అరిచేది. ఒకరోజు కట్టు తెంచుకొని ఒకదాని మీదికి ఎక్కబోయింది. అమ్మినవాడు మోసం చేశాడంటూ మా ఆయన కర్ర అందుకున్నారు. వదినె ఆ కర్ర తీసి పక్కన పెట్టింది.

“కొడితే, ఆడగుర్రం కనవడ్డప్పుడల్లా దానికి దెబ్బ యాదికొస్తది తమ్మీ. ఇంకింత లొల్లి చేస్తది” అంది.

పశువుల డాక్టరు రక్తపరీక్ష చేయించి, లోపల విత్తు ఏదీ మిగిలిపోలేదని తేల్చాడు. వయసొచ్చాక ఖస్సీ చేస్తే కొన్నిటికి పాత అలవాటు పోదట. అమ్మేద్దామని ఇంట్లో అందరం అన్నాం. వదినె ఒప్పుకోలేదు. గట్టి కంచె వేయించి, బాద్షాను ఆడగుర్రాలకు దూరంగా, ఒక ముసలి ఖస్సీ గుర్రం పక్కన కట్టింది. రోజూ పొద్దున్నే పద్మాపూర్ దారిలో చెమటపట్టేదాకా తిప్పింది. తర్వాత ఆ పని నాకు నేర్పింది. నడిపించడం, ఆపడం, వెనక్కి అడుగు వేయించడం, పక్కకు తిప్పడం. దాని చెవులు ఆడగుర్రం వైపు తిరగకముందే ఏదో ఒక పని చెప్పాలి. ఉడుకెక్కాక చెబితే వినదు. నెలల తరబడి అదే పని. విసుగొచ్చి నేను ఏడ్చిన రోజులూ ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం బల్లార్‌పూర్‌లో పెండ్లి. బాద్షా మీద పెండ్లికొడుకు, తాడు నా చేతిలో, పక్కనే వదినె. ఎదురుగా మరో ఊరేగింపు వచ్చింది. దాని ముందున్నది ఎదకొచ్చిన ఆడగుర్రం. బాద్షా ఒళ్ళంతా బిగుసుకుంది. నేను తాడు వదినెకు ఇవ్వబోయాను. ఆమె అందుకోలేదు.

“నీ చేతులనే ఉండనియ్యి. నీ మాట ఇంటది.”

బ్యాండు ఆపమన్నాను. వదినె పెండ్లికొడుకును దింపించి, జనాన్ని దూరం జరిపింది. నేను బాద్షాను వెనక్కి నడిపించాను, తిప్పాను, మళ్ళీ వెనక్కి నడిపించాను. అది ఒకసారి గట్టిగా అరిచింది కానీ, దాని చెవి నా వైపు తిరిగింది. ఆ ఆడగుర్రం సందు దాటి వెళ్ళిపోయింది.

పెండ్లికొడుకు తండ్రి కోపంగా వచ్చి, మళ్ళీ ఎక్కించవచ్చా అని వదినెను అడిగాడు. ఆమె నన్ను చూపించింది.

“గుర్రం మా మరదలి చేతిలున్నది. ఆమెనే అడుగుండ్రి.”

ఎక్కించమన్నాను. మంటపం దాకా తల ఎత్తుకొని నడిచాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి, ఎవరు తబేలాకు వచ్చినా వదినె ఈ సంగతి చెప్పకుండా పంపలేదు.

ఇప్పుడామె లేదు. పని నేర్చుకోవడానికి వచ్చిన ఆడపిల్లలు మొండి గుర్రం దగ్గర తడబడినప్పుడు, తాడు లాక్కోవడానికి నా చెయ్యి లేస్తుంది. అప్పుడు ఆ చేతిని వెనక్కి తీసుకొని, పక్కనే నిలబడతాను.