‘అది నీ అనుమానమే’ అన్నాను

సరిత సరిగ్గానే పట్టుకుంది. నేను కాదన్నాను. ఏళ్లుగా మోస్తున్న బరువు ఇదే.

ఆ రోజు ఆమె కుర్చీలో కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడి అడిగింది.

“మేడమ్, పేపర్ల పడ్డ గా ముచ్చట నాదే గదా?”

“కాదు సరితా. అట్లా చేసేవాళ్లు చాలామంది ఉంటారు.”

“బియ్యం డబ్బల చెయ్యి పెట్టి కూసునుడు గూడనా? మా ఆయన సదివి నా దిక్కే చూసిండు, ఎవలకు చెప్పినవని అడిగిండు. మా అత్తయితే, గందుకేనా బువ్వల వెంట్రుకలొస్తున్నయి అని ఒకటే నవ్వుడు. మీకు తప్ప నేను ఎవ్వరికి చెప్పలే మేడమ్.”

“చదివిందల్లా మన గురించే అనిపించడం నీ ఆందోళనలో భాగం. అది నీ అనుమానమే.”

“గట్లనా. తప్పు నాదే. ఉత్తగనే మీ మీద అనుమానం పెట్టుకున్న. ఏమనుకోకుండ్రి.”

మెదక్‌లో నేను కౌన్సెలింగ్ చేస్తాను. అంతకుముందు పత్రిక డెస్క్‌లో పనిచేశాను. ఆ పరిచయంతోనే మానసిక ఆరోగ్యం మీద వారం వారం కాలమ్ రాసేదాన్ని. సరిత టైలరింగ్ చేసేది. గుండె దడ మొదలైతే వంటింట్లో కూర్చుని, మోచేతి దాకా బియ్యంలో చెయ్యి పెట్టి ఊపిరి కుదుటపడే వరకు ఉండేది. కాలమ్‌లో ఆమె పేరు మార్చాను, వయసు మార్చాను, టైలర్‌ను టీచర్‌ని చేసి నర్సాపూర్‌కు పంపాను. బియ్యాన్ని మాత్రం వదల్లేకపోయాను. పాఠకుడు ఆగేది అక్కడే అని డెస్క్ నాకు నేర్పింది. ఇప్పుడు ఇది రాసేటప్పుడు పేరుతో పాటు ఆ వస్తువునూ మార్చాను, అసలుది బియ్యం కాదు. అప్పుడే ఎందుకు తోచలేదు? తోచలేదా, తోచినా మనసొప్పలేదా?

రాయడం ఒక తప్పు. దాన్ని ఒప్పుకుని క్షమించమని అడగొచ్చు. కానీ నేను నా వృత్తి మాటల్నే తీసుకుని, ఆమె చూసిన నిజానికి జబ్బు పేరు పెట్టాను. భయపడి చేశానా? ఊళ్లో నా పేరు పోతుందనుకున్నానా? ఎవరి ముఖంలో ఏం దాగుందో వెతకడం నా పని కదా, మరి ఆ గదిలో ఎవరూ నమ్మకూడని మనిషిని నేనేనని ఆమెకు కనిపించకుండా అంత శాంతంగా ఎట్లా మాట్లాడగలిగాను?

తర్వాత ఆమె బాగుపడిందనే అనుకున్నాను. వాదించడం మానేసింది. బిల్లు తప్పు పడినా, ఎవరైనా మాట మార్చినా, “నా అనుమానమేనేమో” అని ఊరుకునేది. దాన్ని నేను నెమ్మది అని మెచ్చుకున్నాను కూడా.

పోయిన వారం ఫోన్ చేసింది. శంకరంపేట పోతున్నానని చెప్పిన భర్తను చేగుంట బస్టాండులో ఒక ఆడమనిషితో చూసిందట. చెట్టు చాటునుంచి కాదు, ఎదురుగా చూసింది. అయినా అడిగింది: “గది నిజంగ ఆయనేనా మేడమ్, నాకే గట్ల అనిపిచ్చిందా?”

వచ్చి మాట్లాడమన్నాను. ఇది రాశాక గుండె కొంచెం తేలికైంది. ఆ తేలికనూ నేను నమ్మడం లేదు. శుక్రవారం ఆమె వస్తోంది, తను కళ్లారా చూసింది నిజమో కాదో నన్ను అడగడానికి.