దేవదానం తుపాకీ చప్పుడు

2019 ఎలక్షన్లు అయిపోయి ఆరేడు నెలలు గడిచినాయి. మార్కాపురంలో నా తుపాకుల రిపేరు దుకాణానికి అప్పటికి ముప్పై ఏళ్లు. "మస్తానూ, ఈ కాలంలో తుపాకులు రిపేరుకు తెచ్చేదెవరయ్యా?" అని చాలామంది ఎగతాళి చేస్తుంటారు. నల్లమల అంచున అడివిపందుల బాధ ఉన్నన్నాళ్లు నాకు పని ఉంటుంది. పంట కాపలాకు లైసెన్సు ఇచ్చిన మందు తుపాకులే ఎక్కువ. గొట్టం మూతిలోనుంచి మందు పోసి, కడ్డీతో కూరి కాల్చేవి.

అది పని. పిచ్చి వేరే ఉంది. తెల్లదొరల కాలంలో సిపాయిలు మోసిన రైఫిల్ మస్కెట్లంటే నాకు ప్రాణం. మస్కెట్ అంటే నిలబెడితే మనిషి గడ్డం దాకా వచ్చే మందు తుపాకీ. దాని గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటే రైఫిల్ మస్కెట్. ఆ గాడుల వల్ల గుండు గిర్రున తిరుగుతూ పోయి సూటిగా తగులుతుంది. చిక్కేందంటే, సిపాయిల తిరుగుబాటు తర్వాత మనోళ్లను నమ్మక, బయటికి అచ్చం అట్లనే ఉండి లోపల నున్నగా ఉండే తుపాకులు చేతికిచ్చినారు. నాకు దొరికినవన్నీ ఆ నున్నటివే. కాగితాలతో సహా నాలుగు మా ఇంటి గోడకున్నాయి, నాలుగూ అంతే. అసలుదాని కోసం ఐదో జత మేకులు కొట్టి ఎన్నేళ్లయిందో! మా ఆవిడ వాటికి కూరగాయల సంచి తగిలిస్తుంది, నేను తీసేస్తుంటాను.

ఒక పొద్దున స్టేషన్ కానిస్టేబుల్ ఒకాయన గోనెపట్టాలో చుట్టిన తుపాకీ తెచ్చినాడు. వెనకాలే డెబ్బై ఏళ్ల ముసలామె, ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పెట్టుకొని వచ్చింది. పేరు ఎస్తేరమ్మ. యర్రగొండపాలెం అవతల అడివి పక్క పల్లె. ఆమె భర్త దేవదానం కంది చేలకు కాపలా కాసేవాడు. ఎలక్షన్లొస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో డిపాజిట్ చేసి, అయిపోయినాక తెచ్చుకోవాలి. దేవదానం ఇచ్చి వచ్చినాడు గానీ, తెచ్చుకునే లోపల గుండె ఆగి పోయినాడు. మనిషి లేకపోతే లైసెన్సు లేదు. ఇక ఆమెకు రెండే దారులు. నాలాగా లైసెన్సు ఉన్నవాడికి ఇచ్చేయాలి. లేదంటే డీయాక్టివేట్ చేయించాలి, అంటే మళ్లీ పేలకుండా గొట్టానికి బెజ్జాలు కొట్టించి ఇంట్లో గుర్తుగా పెట్టుకోవాలి. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఆమె రెండోదానికి పర్మిషన్ తెచ్చుకుంది.

"దాన్ని చంపేయి నాయనా. చంపి నా ఇంటికి నాకియ్యి," అనింది.

కానిస్టేబుల్ సంతకం తీసుకొని పోయినాడు. నేను గోనెపట్టా విప్పినాను. గొట్టాన్ని కట్టెకు బిగించే ఇనుప పట్టీలు మూడున్నాయి. వాటిని బ్యాండ్లంటాం. సిపాయిల పటాలం తుపాకీకి అదే గుర్తు. కానీ ఇనుము మీద లైసెన్సు కోసం తర్వాత కొట్టిన నంబరు తప్ప, ఉండాల్సిన పాతకాలపు ముద్రలు ఒక్కటీ లేవు.

"దీన్ని ఏం పెట్టి తోమినావు పెద్దమ్మా?"

"చింతపండూ ఇటుక పొడీ. ప్రతి క్రిస్మస్‌కు గిన్నెలతో పాటు దీన్నీ తోమేదాన్ని. మురికి తుపాకీ ఇంట్లో పెట్టుకొని పండగేంది?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముద్రలు అరిగిపోతే మాలాంటోళ్లకు తుపాకీ సగం చచ్చినట్టే. సరేలే అనుకొని గొట్టంలోకి సన్న లైటు దించి చూసినాను.

గాడులు! మూడు గాడులు, మెలి తిరిగి కిందికి పోతున్నాయి. లైటు తీసి, కళ్లు తుడుచుకొని మళ్లీ చూసినాను. ఇన్నేళ్లు నేను కలవరించింది, అడివి పక్క పూరింట్లో ఇటుక పొడితో తోమించుకుంటా కూర్చుందన్నమాట.

"పెద్దమ్మా, దీన్ని నాకియ్యి," అన్నాను, ఉండబట్టలేక. "దీనికి బెజ్జం కొడితే పాపం తగుల్తుంది. కంటికి రెప్పలా చూసుకుంటాను. నా గోడ మీద అచ్చం ఇట్లాంటిదే ఉంది, కావాలంటే దాన్ని చంపి ఇస్తాను."

"నాకు తుపాకీతో ఏం పని నాయనా? నాకు దాని చప్పుడు కావాలి."

"ఇక పేలదు కదా పెద్దమ్మా."

"పేలే చప్పుడు కాదయ్యా!" అని విసుక్కుంది. "తెల్లారి చేను నుంచి వచ్చి గడప బండ మీద దీన్ని ఆనించేవాడు. ఆ మనిషి నన్ను ఎన్నడూ పేరు పెట్టి పిలిచింది లేదు, ఏమేయ్ అనిందీ లేదు. ఆ చప్పుడే పిలుపు. అది వినపడితే పొయ్యి దగ్గర నుంచి లేసి నీళ్లు తెచ్చేదాన్ని. దీన్ని స్టేషన్లో ఇచ్చిన రోజు ఉత్త చేతులతో వచ్చి గడపలో నిలబడినాడు. నాకు తెలియనే లేదు. ఎంతసేపు నిలబడినాడో ఏమో."

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను మళ్లీ అడగలేదు.

మరుసటి రోజు బెజ్జాలు కొట్టినాను. డ్రిల్లు దిగుతుంటే నా పన్ను పీకుతున్నట్టే ఉంది. రాలిన ఇనుప పొట్టు చూసి ఏడ్చినాను, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. చేతికందింది నోటికందలేదంటే ఇదే.

ఆ బాధలోనే ఒక తప్పు చేసినాను. ఇంత మంచి తుపాకీని నా చేత్తో పాడు చేసినానే, మిగతాదన్నా బాగుచేద్దామనుకున్నాను. బ్యాండ్లు వదులుగా ఉంటే బిగించినాను. రామ్‌రాడ్, అంటే గొట్టం కింద ఇమిడి ఉండే మందు కూరే కడ్డీ, లొడలొడ ఆడుతుంటే తోలు ముక్క దూర్చి కదలకుండా చేసినాను. ఆమె అడిగిందా? లేదు. పనోడి పొగరు అది.

నాలుగు రోజులకు ఎస్తేరమ్మ వచ్చింది. తుపాకీ అందుకొని నా దుకాణం మెట్టు మీద, పలకరాయి పైన ఆనించింది. దబ్ అనింది. ఇంకోసారి ఆనించింది. మళ్లీ దబ్.

"మార్చినావు," అనింది. "ఆ పొద్దు అడిగినావు కదా. మార్చేసినావు మస్తానూ."

నాకు ఒళ్లు మండింది. "అల్లా మీద ఒట్టు పెద్దమ్మా! ఇదిగో గొట్టం మీద నంబరు, ఇదిగో నీ కాగితం మీద నంబరు. ఎవరితోనైనా చదివించుకో!"

"నంబరు సంగతి నాకు తెలీదు. ఆ మనిషి ఈ చప్పుడుతో ఎన్నడూ రాలేదు."

ఆ మాటతో నా కోపం దిగిపోయింది. చెయ్యి దానంతటదే కడ్డీ మీదికి పోయింది. కడ్డీ కదలడం లేదు. కదలకుండా చేసింది నేనే. తోలు ముక్క లాగేసినాను, బ్యాండ్లు వదులు చేసినాను.

"నువ్వే ఆనించు నాయనా," అనింది ఆమె. "బయటినుంచి వచ్చినట్టు రా. నేను అటు తిరిగి కూర్చుంటా."

ఆమె స్టూలు మీద గోడ వైపు తిరిగి కూర్చుంది. నేను రోడ్డు మీదికి దిగి, మళ్లీ వచ్చి, మెట్టు మీద తుపాకీ ఆనించినాను. అడుగున ఇత్తడి బిళ్ల టక్కుమంది, ఆ వెంటనే కడ్డీ గల్లుమంది.

ముసలామె దిగ్గున లేచింది. "వస్తుండా, వస్తుండా," అనుకుంటూ నా నీళ్ల కుండ దగ్గరికి పోయి చెంబు ముంచింది. ముంచి అట్లనే నిలబడిపోయింది. కాసేపటికి వచ్చి చెంబు నాకిచ్చింది.

"తాగు నాయనా, తెచ్చినాక పారబోయకూడదు. దీని గొంతు కొంచెం జలుబు చేసినట్టుందిలే, బెజ్జాలు కొట్టినావు కదా. మనిషికి రాదా ఏంది జలుబు?"

ఇప్పుడు ఎవరు ఏ వస్తువు తెచ్చినా, "ఇంట్లో దీన్ని ఎట్ల పట్టుకుంటారు, ఎక్కడ పెడతారు, ఒకసారి చేసి చూపించండి" అని అడిగినాకే స్క్రూడ్రైవర్ ముట్టుకుంటాను. వదులుగా ఉన్నవన్నీ రోగాలు కావని అంతకాలం పనిచేసినాక గానీ నాకు తెలిసిరాలేదు. ఐదో జత మేకులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఆ మూడు గాడులు ఇప్పటికీ కళ్ల ముందు తిరుగుతుంటాయి.

ఆ రోజు ఆమెను యర్రగొండపాలెం బస్సు ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడి అడగకూడనిది అడిగినాను. "ఇంట్లో ఎవరు ఆనిస్తారు పెద్దమ్మా?"

"ఎవరున్నారు నాయనా," అనింది, తుపాకీని ఒళ్లో సర్దుకుంటూ. "నేనే ఆనించుకుంటా. నేనే లేస్తా."