కో టున్‌కి మైల ఉంది

మొన్న సంతాపసభలో మన తెలుగు సంఘం ప్రెసిడెంటుగారు పోయిన మనిషిని "వెనకా ముందూ ఎవరూ లేని ఒంటరి" అన్నారు. మైల పట్టేవాళ్ళు లేరు గనక పదకొండో రోజు దాకా ఆగక్కర్లేదని, మూడో రోజుతోనే కార్యం ముగించేద్దామని కూడా అన్నారు. మీలో చాలామంది తలలూపారు. టీ చల్లారిపోతోందన్న తొందరలో ఊపారేమో నాకు తెలియదు. ఆ రెండు మాటలూ తప్పు. అక్కడే లేచి చెబుదామంటే ప్రెసిడెంటుగారి చేతిలోంచి మైకు రాలేదు. రాయడానికి ఎవరి చేతిలోంచీ ఏదీ లాక్కోనక్కర్లేదు కాబట్టి మన సంఘం పత్రికలో ఇలా రాస్తున్నాను.

పోయింది మా మేడలో నాలుగో అంతస్తు దర్జీ. మన మంగళ తౌంగ్‌న్యున్ పేటలో మీ అందరి చొక్కాలూ, మీ ఆడవాళ్ళ జాకెట్లూ కుట్టినవాడే. నాకు వరసకి మరిది. రక్తసంబంధమేమీ లేదు. ఈ దేశపు డెల్టాలో రైసుమిల్లు ఉన్న చిన్న ఊళ్ళో మా ఆయనా అతనూ పక్కపక్క కూలీ లైన్లలో పుట్టారు. మా ఆయన్ని అతను అన్నా అన్నాడు, దాంతో నేను వదిననైపోయాను.

ఎలా పోయాడో చెబుతాను, ఎందుకంటే మీరెవరూ అడగలేదు. పొద్దున్నే మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించుకుంటూ "కో టున్, కళ్ళజోడు" అన్నాడట. కో టున్ కళ్ళజోడు తెచ్చేలోపు తల వాల్చేశాడు. కేక విని రెండో అంతస్తు నుంచి నేను ఎక్కేసరికి కో టున్ నేల మీద కూర్చుని ఆ తలని ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. కళ్ళజోడు ఇంకా చేతిలోనే ఉంది. దీన్ని ఒంటరిగా పోవడం అంటే, మనలో సంసారులు చాలామంది ఇంతకన్నా ఒంటరిగానే పోతారు.

కో టున్ ఎవరో మీకందరికీ తెలుసు. తెలియనట్టు ఉండడానికి బాగా అలవాటు పడ్డారంతే. ఎనభై ఎనిమిదిలో సైన్యం మీద బర్మా కుర్రాళ్ళు తిరగబడ్డ గొడవల్లో చొక్కా చెయ్యి చిరిగి, చెప్పు ఒకటే మిగిలి, మా మేడ మెట్లెక్కి దర్జీ కొట్టులో దూరాడు. మరిది ఏమీ అడగకుండా చొక్కా విప్పమని చెయ్యి కుట్టాడు. బయట సద్దుమణిగే దాకా కూర్చోమన్నాడు. సద్దుమణగడానికి చాలా కాలం పట్టింది, ఆ తరవాత వెళ్ళాల్సిన పని కనిపించలేదు. ఆ కుర్రాడు గుండీలు కుట్టడం నేర్చుకున్నాడు, కాజాలు నేర్చుకున్నాడు, మన తెలుగు నేర్చుకున్నాడు. "అమా, ఈయేల ఏటి కూర?" అని నన్నడుగుతాడు. అమా అంటే వాళ్ళ భాషలో అక్క. ప్రెసిడెంటుగారి మనవలకి ఆ పాటి తెలుగు రాదని నేను ఇక్కడ రాయడం లేదు.

మరిది దగ్గర కొలతలిచ్చిన ప్రతివాడికీ తెలిసిన సంగతి ఒకటుంది. అతను టేపుతో రెండుసార్లు కొలిచేవాడు. "మొదటిసారి అందరూ అబద్దమే సెప్తారొదినా, పొట్ట లోపలికి లాగేసుకుంటారు. ఊపిరొదిలినాక తియ్యాల." మా ఆయన ఈ మాట విని కావాలని రెండోసారీ పొట్ట బిగబట్టాడు. ఆ చొక్కా గుండీలు పండగ రోజు గుడిలో అందరి ముందూ ఊడాయి. "నేనేటి సేసేది అన్నా? నువ్విచ్చిన కొలతే" అన్నాడు మరిది. నవ్వలేదు కూడా.

ఇక సినిమా సంగతి. దాన్ని గురించి సభలో ఒక్కరూ నోరెత్తలేదు కనుక నేనే ఎత్తుతాను.

జబ్బు భయంతో ఊరంతా తలుపులేసుకున్న ఏడాది నా మనవరాలికి సినిమా తీయాలని పుట్టింది. పెద్ద కంపెనీ లేదు, డబ్బిచ్చే పెద్దమనిషి లేడు. నలుగురు స్నేహితులు, అరువు తెచ్చిన కెమెరా. కథ, చిన్న ఊళ్ళో పెరిగే ఒక పిల్లవాడిది. వాడు గే. ఆ మాట మనవరాలు నాకు వివరించబోయింది. "మగవాణ్ణి ఇష్టపడే మగవాడు. మీ నాలుగో అంతస్తు తాతని రోజూ చూస్తూ నాకు పాఠం చెబుతావేంటే?" అన్నాను. ముసలివాళ్ళకి చెవులే కాదు, కళ్ళు కూడా పోతాయని పిల్లలు అనుకుంటారు.

చిన్న ఊరికి వెళ్ళి తీద్దామంటే టౌన్‌షిప్ దాటనిచ్చేవాళ్ళు కారు. అందుకని మా మేడ మీదా వెనక సందులోనూ ఊరు కట్టారు. డ్రమ్ములో అరటి మొక్క, అరువు కోళ్ళు, తీగల మీద తడిబట్టలు. బట్టలు కుట్టే పని మరిదికి అప్పజెప్పారు. ఆ రోజుల్లో ఒకరింటికొకరు వెళ్ళకూడదు కదా, అన్నీ తాడు మీదే నడిచాయి. మన మేడల్లో ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి తాడు వేలాడుతుంది, చివర క్లిప్పు, పైన చిన్న గంట. పేపరు, పాలు, కూర, అన్నీ దానికి తగిలించి లాగితే పైకెళ్ళిపోతాయి. మనవరాలు గుడ్డలు తగిలించి గంట కొట్టేది. మరిది పైకి లాక్కుని కుట్టి కిందికి దింపేవాడు, అతి చిన్న ఎర్ర లుంగీతో సహా.

ఆ లుంగీ దగ్గరే అతనికి కథ తెలిసింది. మన ఊళ్ళో మగవాళ్ళు లుంగీ ముందు ముడేస్తారు, ఆడవాళ్ళు పక్కకి మడిచి దోపుకుంటారు. సినిమాలో పిల్లవాడు పక్కకి దోపుకుంటాడు, తండ్రి చూసి కొడతాడు. చివర వాడు ఏట్లో దూకేస్తాడు. మరిది బాల్కనీలోంచి కిందికి వంగి వీధంతా వినేలా అడిగాడు:

"ఏటి గుంటా, సివర్న సంపేసినావేటి?"

"అలా అయితేనే జనం ఏడుస్తారు తాతా!"

"నన్నేడిపించడానికి సాలామంది పనిసేసినారు. నువ్వు కూడా ఆళ్ళలో సేరతావేటి? నేను సచ్చిపోలేదు. టికెట్టు కొనుక్కుని, స్టీమరెక్కి, కిటికీ పక్కన కూకుని వొచ్చినాను. నీది మొదటి కొలత. ఊపిరొదిలి మళ్ళా రాయి."

మనవరాలు మళ్ళీ రాసింది. ఈసారి పై మెట్టు మీద కూర్చుని అతను చెబుతుంటే కింది మెట్టు మీద కూర్చుని రాసింది. అక్క లుంగీ కట్టుకుని వంటింట్లో తిరిగిన పిల్లవాడు అతనే. మిల్లు లైన్లలో పిల్లలు ఏ పేరు పెట్టి పిలిచేవారో, ఆ పేరు వినగానే ఏ సందులోకి తిరిగేవాడో అన్నీ చెప్పాడు. కిందా మీదా తలుపులు తెరిచి అందరూ విన్నారు. అతను గొంతు తగ్గించలేదు.

తండ్రి వేషం వేయడానికి ఎవరూ దొరకలేదు. తిట్టడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు బోలెడుమంది ఉన్నారు గానీ కెమెరా ముందు వద్దన్నారు. చివరికి మరిదే వేశాడు, తన తండ్రిని తానే. కర్ర ఎత్తి పిల్లవాణ్ణి కొట్టే సీను. అంతా అయ్యాక మనవరాలు ఆపమంది, అతను ఆపలేదు. వాకిట్లోకొచ్చి చుట్ట నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల గీశాడు. ఆరిపోయింది. మళ్ళీ గీశాడు. మూడో పుల్ల విరిగిపోయింది. చుట్ట వెలగలేదు. కెమెరా తిరుగుతూనే ఉంది.

"అది కథలో లేదు కదా?" అన్నాను తరవాత.

"మా నాన్న రోజూ అలాగే సేసీవోడొదినా. కొట్టినంతసేపూ నేను కళ్ళు మూసుకునీవోణ్ణి. ఇది మాత్రం సూసినాను."

అంతకు మించి తండ్రి గురించి అతను మంచీ చెప్పలేదు, చెడ్డా చెప్పలేదు. ఆ సినిమా చూసినవాళ్ళెవరికీ అంతకు మించి అక్కర్లేకపోయింది.

షూటింగ్ అయీ అవకుండానే సైన్యం గద్దె లాక్కుంది, దేశం లేచింది. ఆ రోజులు మీకు నేను గుర్తు చెయ్యక్కర్లేదు. రాత్రి ఎనిమిదయ్యేసరికి నిరసనగా వీధివీధంతా గిన్నెలు మోగేవి. మరిది ఇత్తడి బేసిన్, కో టున్ అట్లకాడ. "వొదినా, ఆ సిన్న గరిటేటి, పోపు పెడుతున్నావా? గట్టిగా కొట్టు!" అని పైనుంచి కేకేసేవాడు. తరవాత సందుల మీద ఆడవాళ్ళ లుంగీలు కట్టడం మొదలైంది. వాటి కిందుగా నడిస్తే మగవాడి తేజస్సు పోతుందని ఈ దేశంలో నమ్మకం, తుపాకీ ఉన్నవాడికి మరీను. మా సందుకి తీగ కట్టిందీ, ఇంటింటి తాడూ లాగి లుంగీలు పోగుచేసిందీ మరిదే. "పాతది వొద్దొదినా, నలుగురూ సూస్తారు. మంచిది తియ్యి."

ఆ లుంగీలు ఉన్నన్ని రోజులూ ప్రెసిడెంటుగారు అవతల వీధి చుట్టి ఇంటికెళ్ళారు. వ్యాయామం కోసమని చెప్పారు. మరిదీ కో టున్ మాత్రం రోజూ వాటి కిందుగానే టీకొట్టుకి వెళ్ళొచ్చారు. భయం లేదా అని ఎవరో అడిగితే, "నా మగతనం సంగతి మా ఊళ్ళో ఏనాడో తేల్సేసినారు గదా, ఇంక పోయేదేటి?" అన్నాడు. సందంతా నవ్వింది. అంత చెడ్డ నెలల్లో అంత గట్టిగా నవ్వడం నేను మళ్ళీ వినలేదు.

మనవరాలు సరిహద్దు దాటి వెళ్ళిపోయింది, సినిమాని అక్కడే పూర్తిచేసింది. అది ఫోనులో వచ్చిన రోజు మేం ముగ్గురం నా మంచం మీద కూర్చుని చూశాం. ఆఖరి సీనులో పిల్లవాడు స్టీమరెక్కుతాడు. లుంగీ ముందు ముడి. రేవు కనబడనంత దూరమయ్యాక లేచి నిలబడి, తీరిగ్గా ముడి విప్పి, పక్కకి దోపుకుని, మళ్ళీ కూర్చుంటాడు. అంతే సినిమా. కో టున్ కళ్ళు తుడుచుకున్నాడు. మరిది మాత్రం "దోపు వొదులుగా ఉంది, నేను సూసుండాల్సింది" అన్నాడు.

మరి నువ్వు ముందువైపే ముడేసుకుంటావెందుకని అడిగాను. "అప్పుడు వొద్దన్నారు గనక కావాలనిపించింది. ఇప్పుడు వొద్దనేవోడు లేడు. ఏ రోజు ఎలా బుద్ది పుడితే అలాగ." మర్నాడు పక్కకి దోపుకుని కిందికి దిగాడు. ఆ పై రోజు మళ్ళీ ముందు ముడి.

ఇంత చెప్పింది శ్మశానం సంగతి చెప్పడానికే. సంఘంవాళ్ళు ఎక్కడో వెతికి ఒక దూరపు బంధువుని పట్టుకొచ్చి నిప్పుకుండ ఇచ్చారు. పంతులుగారు పోయినవాడి పేరు చెప్పమంటే ఆ అబ్బాయి పక్కవాణ్ణి అడిగాడు. కుండ మోసి, స్నానం చేసి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు. అతన్ని తప్పుపట్టను, పిలిస్తే వచ్చాడు. కో టున్ వెనకాల గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఎండా లేదు, వానా లేదు. చేతులకి ఏదో ఒక పని ఉండాలి కదా.

ఆ రోజు నుంచీ కో టున్ ఎవరింటి గుమ్మమూ తొక్కడం లేదు. నేను కాఫీకి పిలిస్తే వాకిలి బయట మెట్టు మీద కూర్చుని తాగాడు. గడ్డం గీసుకోలేదు. పోపు లేని అన్నం తింటున్నాడు. ఎవరు చెప్పారని అడిగాను. మా ఆయన పోయినప్పుడు మరిది ఇవన్నీ పాటించాడు కదా, అప్పుడు తను చూశాడట. గ్లాసు కడిగి మెట్టు మీద బోర్లించి, నా మొహం కేసి చూడకుండా అడిగాడు:

"అమా, నాకు మైలుందా? లేదా?"

మనవాళ్ళు మైలని తప్పించుకోడానికి చూస్తారు. పెళ్ళిళ్ళు ఆగిపోతాయి, గుడి లేదు, పండగ లేదు. ఒక మనిషి మైల కావాలని అడగడం నేను ఇన్నేళ్ళలో మొదటిసారి విన్నాను.

"ఉంది. నెత్తి నుంచి కాళ్ళ దాకా ఉంది. పదకొండు రోజులూ ఉంది" అన్నాను.

అప్పుడు ఏడ్చాడు.

పంతులుగారితో మాట్లాడాను. మైల పట్టినవాడికి పదకొండో రోజు స్నానం చేయించి, కావలసినవాళ్ళు కొత్తబట్టలు పెట్టి, మళ్ళీ నలుగురిలోకి తీసుకురావాలని శాస్త్రం ఆయనే నాకు చదివి వినిపించారు. శాస్త్రం చదివాక కాదనడానికి మొహమాటపడ్డారు. పదకొండో రోజు ఈ ఆదివారం. వంట మా ఇంట్లో. మధ్యాహ్నం గోడకి దుప్పటి కట్టి సినిమా వేస్తాం. ఇష్టం లేనివాళ్ళు భోంచేసి వెళ్ళొచ్చు, చుట్టుదారి ఎలాగూ తెలుసు.

ఇక ప్రెసిడెంటుగారూ, మీకో చిన్న పని. మనందరి తరఫునా మొదటి కొత్తబట్ట పెట్టాల్సింది సంఘం పెద్దే. శనివారం బజారుకెళ్ళి ఒక మగవాళ్ళ లుంగీ కొనండి. ముదురు నీలం మీద గళ్ళు, నల్లది వద్దు. కొట్టువాడు రెండంచులూ కలిపి కుట్టిస్తానంటాడు, వద్దనండి, గుడ్డగానే తీసుకోండి. మా మేడలో కుట్టే మిషను ఉంది, కుట్టే మనిషీ ఉన్నాడు. ఆదివారం పొద్దున్నే రండి, నాలుగో అంతస్తు. మెట్లు ఎక్కలేకపోతే వీధిలోనే నిలబడి, ఆకుపచ్చ క్లిప్పున్న తాడుకి లుంగీ తగిలించి లాగండి, గంట మోగుతుంది. కో టున్ బాల్కనీలోకి వస్తాడు. "ఇది నీకే" అని పైకి చెప్పండి. మైకు లేకపోయినా మీ గొంతు అందుతుంది. అతను లాక్కుంటాడు. గుడ్డ నాలుగో అంతస్తు చేరే దాకా అక్కడే నిలబడి చూడండి.