పెదనాన్న కాపలా కాసిన ఆరో మలుపు

నా చిన్నప్పుడు మేమున్న మిషిగన్ ఊళ్లో పార్కు చుట్టూ తిరిగే రోడ్డును ఏడాదిలో ఒక్క ఆదివారం కార్లకు మూసేసి మోటార్‌సైకిళ్ల పందేనికి ఇచ్చేవారు. స్టేడియం లేదు, ట్రాక్ లేదు. రోజూ మా స్కూల్ బస్సు వెళ్లే రోడ్డే. లేక్ పక్కనుంచి బయల్దేరి, లైబ్రరీ ముందు వంపు తిరిగి, చిన్న వంతెన దాటి, ఇళ్ల మధ్యగా దిగి మళ్లీ లేక్ దగ్గరికొచ్చేది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లు కొందరు సరదాకి మొదలుపెట్టారట. అప్పట్లో సగం దూరం మట్టి రోడ్డేనట. తర్వాత తారు పడింది, మలుపులకు నంబర్లు వచ్చాయి. కరెంటు స్తంభాలకు పాత పరుపులు కట్టేవారు, మలుపుల్లో గడ్డి మోపులు పేర్చేవారు. నాకు ఊహ తెలిసేసరికి, అంటే డెబ్భైలు అయిపోవస్తున్న రోజులకు, ఊరంతా ముంగిట్లో కుర్చీలు వేసుకుని కూర్చునే పండగ అయింది.

మా పెదనాన్న అక్కడి కార్ల ఫ్యాక్టరీలో బ్రేకుల ఇంజినీరు. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు. గుంటూరులో చదువుకునేటప్పుడు బండి బాగా నడిపేవాడని నాన్న చెప్పేవాడు. కానీ ఈ పందేనికి ఆయన వెళ్లేది నడపడానికి కాదు, మలుపు కాయడానికి. ప్రతి మలుపుకూ ఒక మనిషి ఉంటాడు. ఎవరైనా పడితే వెనకొచ్చేవాళ్లకు పసుపు జెండా ఊపుతాడు. అంతకన్నా పెద్ద పని పొద్దున్నే ఉంటుంది. తన మలుపంతా నడిచి, ఇసుక గాని నూనె గాని లేవని చూసుకుని, వాకీటాకీలో పందెం నడిపే పెద్దమనిషికి 'క్లియర్' అని చెప్పాలి. అన్ని మలుపుల నుంచీ ఆ మాట వస్తేనే పందెం. మా పెదనాన్న ఆరేళ్లు గడ్డి మోపులు మోశాక ఆరో మలుపు ఆయన చేతికి ఇచ్చారు. అక్కడ మనవాడంటూ ఉన్నది ఆయనొక్కడే.

అమ్మకు ఇది నచ్చేది కాదు. అప్పట్లో మన తెలుగు ఆరాధన తెల్లవాళ్ల చర్చి బేస్‌మెంట్‌లో, వాళ్లది అయ్యాక మధ్యాహ్నం జరిగేది. ఉన్నవే నాలుగు కుటుంబాలు, ఒక గొంతు తగ్గినా పాటలో తెలిసిపోయేది. "ప్రభువు దినాన బండ్లకి జెండాలూపుతా కూచుంటాడు మీ అన్న" అని నాన్నతో అనేది, పెదనాన్నకు వినపడేట్టుగా. ఆయన విననట్టే ఉండి, ఆమె చేసిన పులిహోర డబ్బాకెత్తుకునేవాడు.

ఆయన మలుపు చూసే పద్ధతి వేరు. షూస్ విప్పి ఉత్త కాళ్లతో నడిచేవాడు. కంటికి ఆనని సన్న ఇసుక అరికాలికి తెలుస్తుందనేవాడు. మిగతా మలుపులవాళ్లు మొదట్లో నవ్వారట. తర్వాత నవ్వడం మానేశారు గాని, షూస్ మాత్రం ఎవరూ విప్పలేదు. నడక అయ్యాక గడ్డి మోపు మీద కూర్చుని చెంబుతో కాళ్లు కడుక్కునేవాడు. నేను వెంట వెళ్లడం మొదలుపెట్టాక ముందు నా కాళ్లు కడిగి, తర్వాత తనవి కడుక్కునేవాడు. తారు మసితో నీళ్లు నల్లగా దిగేవి.

నాకు పదకొండేళ్లు వచ్చిన వేసవిలో జరిగిందిది. అంతకుముందు ఏడు మూడో మలుపులో ఇసుక మీద జారి ఒకతను తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. కొందరు ఇళ్లవాళ్లు వెళ్లి కౌన్సిల్‌లో గొడవ చేశారు. రోడ్డు సరిగ్గా చూడక ఇంకొక్కడు పడితే పందెం ఇక ఉండదని కౌన్సిల్‌వాళ్లు తేల్చి చెప్పారు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ వారమే పెదనాన్నకు కాలి బొటనవేలు వాచి ఎర్రగా పొంగింది. మా మలుపులో వంతెన దాకా తను చూసుకుంటానని, అవతల మేపుల్ చెట్ల నీడనున్న రోడ్డు నన్ను చూడమని చెప్పాడు. తన కాళ్లకన్నా నా కాళ్లే నయమన్నాడు. నేను గర్వంగానే వెళ్లాను.

చెట్ల కింద గడ్డి మోపు మీద మా క్లాసు అమ్మాయిలిద్దరు డోనట్లు తింటూ కూర్చున్నారు. అందులో ఒకతి అంతకుముందే స్కూల్లో నన్ను, మీ దేశంలో అందరూ చెప్పుల్లేకుండానే తిరుగుతారా అని అడిగి ఉంది. వాళ్ల ముందు షూస్ విప్పడానికి నాకు మనసొప్పలేదు. పక్కన కూర్చుని సగం డోనట్ తిన్నాను. రోడ్డు మీద కాలు పెట్టకుండా పచ్చిక మీదుగా నడుస్తూ అటోసారి చూశాను. బాగానే కనబడింది. వంతెన దగ్గరికొచ్చాక షూస్ విప్పి చేత్తో పట్టుకుని వెళ్లి, "అంతా ఓకే పెదనాన్నా" అన్నాను. ఆయన వాకీటాకీ తీసి ఆరో మలుపు క్లియర్ అని చెప్పేశాడు.

అప్పుడు చెంబు తీశాడు. నన్ను మోపు మీద కూర్చోబెట్టి కాళ్ల మీద నీళ్లు పోశాడు. పోసిన నీళ్లు పోసినట్టే దిగాయి. ఆయన నా మడమ పట్టుకుని అరికాలు తిప్పి చూశాడు. గడ్డి పరక అంటుకుని ఉంది, అంతే.

"ఎందాకా నడిచావమ్మా?"

లేక్ దగ్గర ఇంజన్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి.

"నడవలేదు. కానీ చూశాను పెదనాన్నా, క్లీన్‌గానే ఉంది."

"ఉండొచ్చు. ఉందని కాదు నేను చెప్పింది, నడిచి చూశామని."

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు సులువయ్యేది. వాకీటాకీ మళ్లీ తీసి, ఆరో మలుపు రెడీగా లేదని, నడిచి చూడకుండానే క్లియర్ అన్నానని, పదిహేను నిమిషాలు కావాలని ఇంగ్లీషులో మెల్లగా చెప్పాడు. అన్నాను అనే చెప్పాడు. నా పేరెత్తలేదు. అవతలి నుంచి ఒక మాట వినబడింది, అది ఇక్కడ రాయను. ఇంజన్లన్నీ ఆగిపోయాయి. ఊరు ఊరంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆరేళ్లు మోపులు మోసి సంపాదించుకున్న మలుపు నా మూలంగా పోతుందని అప్పుడు నాకు అర్థమైంది.

ఇద్దరం నడిచాం. వాచిన కాలితో ఆయన ఒక అంచున, నేను రెండో అంచున. కుర్చీల్లోవాళ్లు చూస్తున్నారు, మోపు మీది అమ్మాయిలిద్దరూ చూస్తున్నారు. ఏదో ఒకటి దొరకాలని నేను ప్రార్థన చేసుకున్నాను. గుప్పెడు ఇసుకైనా, రెండు చుక్కల నూనైనా దొరికితే ఆపినందుకు అర్థం ఉంటుంది, ఆయన్ను ఎవరూ ఏమీ అనరు. అరికాలు నొక్కి నొక్కి వెతికాను. ఏమీ లేదు. కడిగిన పళ్లెంలా ఉంది రోడ్డు. చివరికొచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది.

పెదనాన్న కుంటుకుంటూ నా దగ్గరికొచ్చి వాకీటాకీ నా నోటి దగ్గర పెట్టాడు. "ఇప్పుడు చెప్పు" అన్నాడు. ఆరో మలుపు క్లియర్ అని నేనే చెప్పాను. ఎవరది అని అవతలి నుంచి గద్దించారు.

"నడిచిన మనిషి" అన్నాడు పెదనాన్న.

కాసేపటికి ఇంజన్లు మళ్లీ లేచాయి. ఆ రోజు ఏ మలుపులోనూ ఎవరూ పడలేదు.

మధ్యాహ్నం పందెం నడిపే ఆ పెద్దమనిషి ఎర్ర టోపీ పెట్టుకుని మా దగ్గరికొచ్చాడు. జెండాలు లాక్కుంటాడనుకుని నేను మోపుల వెనక దాక్కున్నాను. ఆయన మా పులిహోర వేళ్లతో తీసుకుని తిన్నాడు. ఎండుమిరపకాయ కొరికి దగ్గాడు. వచ్చే ఏడు కాస్త పెందలాడే రమ్మని పెదనాన్నకు చెప్పి వెళ్లిపోయాడు. ఆ తర్వాతి ఏళ్లలో నేను గమనించిందొకటుంది. క్లియర్ అని చెప్పిన ప్రతి మలుపునూ ఆయన ఖాయమేనా అని రెండోసారి అడిగేవాడు. మా ఆరో మలుపును మాత్రం అడిగేవాడు కాదు.

పందెం ఇంకొన్నేళ్లు నడిచింది. ఎనభైల చివరికొచ్చేసరికి రోడ్డు పక్కన ఇళ్లు పెరిగిపోయాయి, ఇన్సూరెన్స్ ఇచ్చేవాళ్లు లేకపోయారు. ఎవరూ పెద్దగా పోట్లాడకుండానే ఆగిపోయింది. పెదనాన్న అన్ని ఆదివారాలూ చర్చికి రావడం మొదలుపెట్టాడు. అమ్మకు తిట్టడానికి ఇంకో కారణం వెతుక్కోవాల్సి వచ్చింది. ఇప్పుడక్కడ జనం సైకిళ్లు తొక్కుతారు, కుక్కల్ని తిప్పుతారు. పందెం జరిగేదని చెప్పే బోర్డు కూడా లేదు. నాకు యాభై ఏళ్లు దాటాక మా చర్చిలో ఒక ఆంటీ తెలుగు అక్షరాలు నేర్పింది. అవి చేతికొచ్చాక మొదట రాయాలనిపించింది ఈ సంగతే.

నేను ముప్పై ఏళ్లు ఆపరేషన్ గదిలో నర్సుగా పనిచేశాను. కుట్లు వేసి మూసేముందు, లోపల వాడిన గుడ్డలన్నీ బయటికొచ్చాయా అని లెక్కపెట్టి చెప్పాలి. ఒకసారి డాక్టరు అడిగితే అలవాటుగా అన్నీ ఉన్నాయనేశాను. అన్న వెంటనే, ఆఖరి వరస లెక్కపెట్టలేదని గుర్తొచ్చింది. ఆగండి, నేను చూడలేదు అన్నాను. ఆయన చేతులు పైకెత్తి నిలబడి నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. మొదటినుంచీ లెక్కపెట్టాను. అన్నీ ఉన్నాయి. ఎవరూ మెచ్చుకోలేదు, ఒకరిద్దరు విసుక్కున్నారు. నేను మాత్రం ఆ సాయంత్రం నెమ్మదిగా కారు నడుపుకుంటూ ఇంటికొచ్చి, కడుపునిండా అన్నం తిని, హాయిగా నిద్రపోయాను.